ఒక గీత తక్కువ

చిక్కమునియప్ప చొక్కాను దండెం మీద ఆరేసినప్పుడు చూడాలి. వీపు మీద, జేబు చుట్టూ, కుడి మోచేతి దగ్గర వందల కొద్దీ చిల్లులు, ఒక్కొక్కటీ ఆవగింజంత. నలభై ఏళ్ళుగా బ్యాటరీల మీదికి వంగిన మనిషి మీద యాసిడ్ చిందిన గుర్తులవి. ఎండ ఆ చిల్లుల్లోంచి కిందికి రాలి, గచ్చు మీద పట్టపగలే చుక్కలు పొడుస్తాయి. అతని భార్య సుబ్బలక్ష్మమ్మ ఆ చుక్కల పక్కనే కూర్చుని చాటలో బియ్యం ఏరుకుంటుంది. గాలి వీస్తే చొక్కా ఊగుతుంది. నక్షత్రాలు చాటలోకి వచ్చి పోతాయి.

నగరం అంచున ఉన్న హూడిలో, రైల్వేస్టేషన్ వైపు తిరిగే సందు మొదట్లో ఉంది అతని కొట్టు. పదడుగుల వెడల్పు, పైన రేకులు, ముందు ఒక చినిగిన టార్పాలిన్. చింతామణి దగ్గరి పల్లె నుంచి పంతొమ్మిదేళ్ళ వయసులో అతను వచ్చినప్పుడు ఇక్కడ చుట్టూ రాగిచేలు. మొదట ట్రాక్టర్ల బ్యాటరీలు చూశాడు. తరవాత లారీలవి, ఆటోలవి. చేలు పోయి అపార్ట్‌మెంట్లు లేచాక, వాటి మెట్ల కింద చీకట్లో ఉండే బ్యాటరీలు. ఊరు ఎంత ఎత్తుకు లేచినా దాని అడుగున ఏదో ఒక మూల ఒక నల్లటి పెట్టె కూర్చునే ఉంటుంది. ఆ పెట్టెలో నీళ్ళు పోసేవాడు ఒకడు కావాలి. ఆ ఒకడు చిక్కమునియప్ప.

అతను చదివింది ఏడో తరగతి. పనిలో నేర్చుకున్నది ఒక్కటే సూత్రం. సీసం బ్యాటరీని ఖాళీగా ఉంచకూడదు. దిగిపోయినదాన్ని అలాగే వదిలేస్తే లోపలి పలకలకు తెల్లటి పెచ్చు పట్టి గట్టిపడుతుంది. ఆపైన కరెంటును లోపలికి రానివ్వదు. అందుకే సాయంత్రం కొట్టు మూసేముందు ప్రతి బ్యాటరీనీ నిండా ఎక్కించి కానీ ఇంటికి వెళ్ళేవాడు కాదు.

"బ్యాటరీని ఆకలితో పండబెట్టకూడదప్పా," అనేవాడు వచ్చినవాళ్ళతో. "పసిబిడ్డ మాదిరి. కడుపు నిండితే రేపు లేస్తాది. లేకుంటే లేయదు."

సీసం విషయంలో ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. నలభై ఏళ్ళు అన్నం పెట్టిన మాట. అలాంటి మాట వేరొక పెట్టె దగ్గరికి వచ్చేసరికి తప్పవుతుందని ఎవరు మాత్రం అనుకుంటారు.

ఆ వేరే పెట్టెను కొట్టుకు తెచ్చింది అతని మేనకోడలు రంజిత. చెల్లెలి కూతురు. గార్మెంట్ ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్ళు కుట్టుమిషన్ ముందు కూర్చుని, ఒకరోజు లేచి, డ్రైవింగ్ నేర్చుకుని ఒక పాత ఎలక్ట్రిక్ ఆటో తీసుకుంది. చప్పుడు చేయని బండి. సందులోకి ఎప్పుడొచ్చిందో తెలియదు, తల ఎత్తితే ముందు నిలబడి ఉంటుంది. దాని సీటు కింద ఉన్నది లిథియం బ్యాటరీ. అందులో పోయడానికి నీళ్ళు లేవు, యాసిడ్ లేదు, తీసి చూడటానికి మూతలు కూడా లేవు.

పొద్దున ఆరుగురు పిల్లలను బడికి, తరవాత ఆఫీసులకు వెళ్ళే ఆడవాళ్ళను, మధ్యాహ్నం మళ్ళీ పిల్లలను, సాయంత్రం మెట్రో దిగేవాళ్ళను. రోజుకు ఎనభై కిలోమీటర్లు తిరిగితే ఆమె ఇల్లు నడుస్తుంది. బండి తొంభై ఇచ్చేది.

"ఈ బ్యాటరీ ఇంకా మూడేండ్లు రావాల మామా," అంది కొన్న రోజునే. "కొత్తదంటే బండి రేటులో సగం. ఇది నడిస్తే నేను నడుస్తా. లేదంటే మళ్ళీ పోయి మిషన్ ముందర కూచోవాల్సిందే."

"నేను ఉండానులే పాపా," అన్నాడు అతను.

*

పోయిన ఏడు ఆయుధపూజకు ముందురోజు అతను ఆ మాట నిలబెట్టుకున్నాననుకున్నాడు.

వాళ్ళింట్లో ఒక ఆనవాయితీ ఉంది. పూజనాడు ఇంట్లో ఏదీ ఖాళీగా, అరకొరగా ఉండకూడదు. సుబ్బలక్ష్మమ్మ తెల్లవారుతూనే కుండలు, డబ్బాలు, బిందెలు ఒక్కొక్కటీ చేత్తో తట్టి చూస్తుంది. చప్పుడు బోలుగా వస్తే నింపుతుంది. కొట్టులోనూ అంతే. పానాలు, కటింగ్ ప్లేయర్లు, ఛార్జర్లు కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, బ్యాటరీలన్నీ పొంగే దాకా ఎక్కించి పూజ చేస్తారు.

రంజిత తన ఆటోను కడిగి, అరటిపిలకలు కట్టుకుని పూజకు తెచ్చింది. ఛార్జింగ్ అయిపోయిందని పచ్చ దీపం వెలిగింది. చిక్కమునియప్ప హ్యాండిల్ దగ్గరి మీటరు చూశాడు. పది గీతలుండాలి. తొమ్మిదే వెలిగాయి.

"ఇదేమి, ఒక గీత తక్కువ ఉండాదే."

"ఎప్పుడూ అంతే మామా. తొమ్మిదికి నిలిచిపోతాది."

ఆ పదో గీత అతని కంట్లో నలకలా పడింది. చేతి మీటరు తగిలించి చూశాడు. యాభైఏడున్నర వోల్టులు. లోపల పద్నాలుగు సెల్లులు వరసగా ఉంటాయని అతనికి తెలుసు. వేళ్ళ మీద లెక్క వేశాడు. ఒక్కో సెల్లునూ నాలుగు వోల్టుల పైన ఓ చిటికెడు దగ్గరే ఆపేస్తున్నారు. ఆ సెల్లు నాలుగుంపావు దాకా తాగగలదు. లోపల ఇంకా జాగా ఉంది.

"కంపెనీవాళ్ళు పిసినార్లు పాపా. నీ చెంబులో నీకే నీళ్ళు పోయకుండా పెట్టుకోనుండారు."

ఛార్జర్ పెట్టె విప్పాడు. లోపల బియ్యపుగింజంత ఇత్తడి స్క్రూ ఒకటి. కళ్ళజోడు వాళ్ళ దగ్గర ఉండే సన్నటి స్క్రూడ్రైవరుతో దాన్ని పావు చుట్టు తిప్పాడు. యాభైతొమ్మిదిన్నర. బ్యాటరీలో కాపలాగా ఒక బోర్డు ఉంటుంది, మరీ మీరితే కరెంటు ఆపేస్తుంది. దానికి వెంట్రుకవాసి ఇవతల నిలిపాడు. కాసేపటికి పదో గీత వెలిగింది. ముఖాన మొదటిసారి బొట్టు పెట్టుకున్న పిల్లలా ఉంది మీటరు.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. బూడిదగుమ్మడికాయ కొట్టారు. పండగ మూడు రోజులూ బండి నిండు కడుపుతో, రేకుల కింద ఎండ వేడిలో కదలకుండా నిలబడింది. నాలుగో రోజు రంజిత ఫోన్ చేసింది.

"మామా, ఒక్క ఛార్జికి నూటొక్క కిలోమీటర్లు వచ్చె."

మాట ఆటోస్టాండుకు పాకింది. వారం లోపల ఎనిమిది ఆటోలు సందులోకి వచ్చాయి. ఎనిమిది స్క్రూలు తిప్పాడు. కాఫీ తప్ప ఏమీ పుచ్చుకోలేదు. మేనకోడలి కోసం చేసిన పని నలుగురికీ పనికొచ్చిందన్న సంతోషం అతని నడకలో తెలిసేది.

*

ఉగాది వెళ్ళిన వారం. రోడ్డు పక్కన చెట్లు ఆకులన్నీ వదిలేసి గులాబీరంగు పూలతో మాత్రమే నిలబడి ఉన్నాయి. రంజిత బండి ఆపి దిగింది. వెనక సీటులో ఆమె రోజూ తీసుకెళ్ళే మేడం సౌమ్య ఉంది. తెనాలి అమ్మాయి. జిగణిలో బ్యాటరీ సెల్లులను పరీక్షించే ల్యాబ్‌లో పని. కంపెనీ బస్సు ఎక్కడానికి పొద్దున్నే మారతహళ్ళి దాకా రంజిత బండిలో వెళ్తుంది. ఆ రోజు సెలవు, కూరగాయల సంచితో ఇంటికి పోతోంది.

"మామా, బండికి ఏమో ఐతాంది. ఇంతకు ముందైతే సాయంత్రం బ్రిడ్జి ఎక్కేటప్పుడు మూడు గీతలు ఉండేవి. ఇప్పుడు ఒకటి ఉండాది. నిన్న అది కూడా కొట్టుకులాడతా ఉండె."

"ఎంత వస్తాంది?"

"డెబ్బై ఆరు. సాయంత్రం రెండు ట్రిప్పులు వదులుకున్నా."

"టైర్లలో గాలి చూపిస్తివా?"

"చూపిస్తి. బ్రేకులూ చూపిస్తి. అంతా అయినాకే నీ దగ్గరికి వస్తి."

సౌమ్య సంచి కింద పెట్టి వచ్చింది. "అంకుల్, ఛార్జర్ వోల్టేజ్ ఏమైనా మార్చారా?"

"మార్చినా. యాభైతొమ్మిదిన్నర పెట్టినా. కంపెనీది యాభైఏడున్నరకే నిలిచిపోతా ఉండె. జాగా ఉండాది కదమ్మా లోపల."

ఆమె నెమ్మదిగా చెప్పింది.

"జాగా కాదంకుల్ అది. సెల్ లోపల రెండు గోడలుంటాయి అనుకోండి. ఛార్జ్ చేస్తే లిథియం ఈ గోడలోంచి బయటికొచ్చి ఆ గోడలోకి వెళ్తుంది. వోల్టేజ్ పెంచితే ఇంకొంచెం లాగొచ్చు, నిజమే. కానీ ఆ చివరి కొంచెం ఉందే, అది గోడని నిలబెట్టేది. దాన్ని కూడా లాగేస్తే గోడకి సన్నసన్న పగుళ్ళు వస్తాయి. మధ్యలో ఉండే లిక్విడ్ కూడా ఆ ప్రెషర్‌కి విరిగి, పొరలు పొరలుగా గోడకి పట్టేస్తుంది. ఫుల్‌గా పెట్టి ఎండలో వదిలేస్తే ఇంకా ఫాస్ట్. బ్యాటరీకి వయసు అలా మీద పడుతుంది."

"అమ్మా," అన్నాడు చిక్కమునియప్ప, "నేను బ్యాటరీ పట్టుకునే కాలానికి మీ నాయన నిక్కరు వేసుకోని తిరుగుతా ఉంటాడు."

"తిరుగుతూనే ఉంటాడంకుల్. కానీ అప్పట్లో ఈ బ్యాటరీ లేదు కదా."

రంజిత మామ పక్కకు వచ్చి నిలబడింది. "మా మామ చెయ్యి పెట్టిన బ్యాటరీ ఇంతవరకు చెడలేదు మేడం."

సౌమ్య వాదించలేదు. "నా మాట నమ్మొద్దంకుల్. పాత ప్యాక్ ఏదైనా ఉంటే ఒకేలాంటి సెల్స్ రెండు తీసుకోండి. ఒకదాన్ని నాలుగు పాయింట్ ఒకటి దాకా, ఇంకోదాన్ని నాలుగుంపావు దాకా ఎక్కించండి. దించండి, మళ్ళీ ఎక్కించండి. ఏది ముందు ముసలిదవుతుందో మీరే చూడండి. పక్కన ఇసుక బకెట్ మాత్రం పెట్టుకోండి."

బండి వెళ్ళిపోయాక ఆ సందు చాలాసేపు ఖాళీగా అనిపించింది. చప్పుడు లేని బండి పోయినా, అది మోసుకొచ్చిన మాట పోలేదు.

ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర అతను భార్య మీద విసుక్కున్నాడు. ఆమెకు షుగరు. కడుపు నిండా తినొద్దని, గుప్పెడు గుప్పెడు ఐదుసార్లు తినమని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఆమె కంచంలో అన్నం కోడిపిల్లకు వేసినట్టుంటుంది.

"అదేం తిండే. దానికి కంచం ఎందుకు, అరచెయ్యి సాలు."

"నువ్వు నిండా తిని ఆయాసపడతాండావు చూడు, నేను పడటంలే," అంది సుబ్బలక్ష్మమ్మ తల ఎత్తకుండా.

*

అమ్మాయి తప్పని చూపించడానికే అతను పని మొదలుపెట్టాడు. పాడైన ప్యాక్ ఒకటి విప్పి, ఒకే వయసున్న రెండు సెల్లులు ఏరాడు. బొటనవేలంత లావు, దానికంటే కాస్త పొడుగు. కొట్టు ముందు టార్పాలిన్ నీడలో రాతిబల్ల మీద వాటిని పక్కపక్కన పడుకోబెట్టాడు. పక్కన ఇసుక బకెట్. ఒక్కోదానికి ఒక పాత స్కూటర్ హెడ్‌లైట్ బల్బు కట్టాడు. ఎడమదాన్ని తక్కువ దగ్గర, కుడిదాన్ని ఎక్కువ దగ్గర నింపుతాడు. తరవాత బల్బులు వెలిగించి, మీటరు మూడు వోల్టులకు పడేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో చూసి తీగ తీసేస్తాడు. గోడ మీద గడియారం ఏడు నిమిషాలు ముందుంటుంది. ఎంతసేపు అన్నదానికి ఆ ఏడు నిమిషాలతో పని లేదు.

పాత కొట్టు తలుపుచెక్క ఒకటి మూలన ఉండేది. దాని మీద సుద్దతో రెండు వరసలు గీశాడు.

మొదటి రోజు ఎడమది యాభైఎనిమిది నిమిషాలు. కుడిది అరవైఆరు.

"చూస్తివా," అన్నాడు ఎవరూ లేని సందుతో.

రోజుకు మూడుసార్లు. యాసిడ్ పనులు, అపార్ట్‌మెంటు పిలుపులు, బేరాలు అన్నీ ఆ రెండు దీపాల మధ్యలోనే నడిచేవి. ఏప్రిల్ ఎండలో బల్బుల వెలుగు పెద్దగా కనిపించేది కాదు. చేతులు దోసిలి పట్టి చూస్తే లోపల ఎర్రటి తీగ, నిద్రలో ఎవరో కనుబొమ ముడిచినట్టు. కుడిది పొగరుగా వెలిగేది. ఎడమది తన పని తాను చేసుకుపోయేది. వాటిని చూస్తూ చూస్తూ అతను వాటికి గుణాలు అంటగట్టాడు. కుడిదాన్ని చూస్తే పాతికేళ్ళ నాటి తాను, రోజుకు ఇరవై లారీ బ్యాటరీలు భుజాన మోసి, ఇంకా ఉన్నాయా అని అడిగిన చిక్కమునియప్ప. ఆ భుజం ఇప్పుడు చలికాలం పొద్దున పైకి లేవదు.

అరవైఆరు అరవైమూడైంది. అరవైమూడు అరవై అయింది. ఎడమది యాభైఎనిమిది దగ్గరే, ఎప్పుడో ఒక నిమిషం తగ్గుతూ, ఉన్నది.

నలభైమూడో రోజు మొదటి వాన పడింది. రేకుల మీద గులకరాళ్ళు పోసినట్టు చప్పుడు. ఆ చప్పుడులో రెండు మీటర్లూ ఒకేసారి మూడుకు వచ్చాయి. యాభైఆరు, యాభైఆరు. రెండు తీగలూ ఒకే క్షణాన తీసి, అతను చేతులు చూసుకున్నాడు. తడి మట్టి వాసన లోపలికి వచ్చి కూర్చుంది.

ఆ రోజే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఇంకో వారం చూద్దాం అనుకున్నాడు. నిజానికి అతనికి కావలసింది వారం కాదు. మా మామ చెయ్యి పెట్టిన బ్యాటరీ ఇంతవరకు చెడలేదు అన్న మాట అతని చెవిలో ఉంది. ఆ మాటను చెరపడానికి తగిన మాట దొరకలేదు. రంజిత రోజూ సందు చివర నుంచి హారన్ కొట్టి వెళ్ళేది, అతను చెయ్యి ఎత్తేవాడు. ఆ ఎత్తిన చేతికి తెలుసు, పైకి తిప్పిన స్క్రూ ఆ పూట కూడా అలాగే ఉందని.

ఆ రోజుల్లో ఎడమది యాభైఆరు దగ్గరే ఉంది. కుడిది నలభైతొమ్మిదికి దిగింది. పట్టుకుంటే వేడిగా ఉంది, జ్వరం వచ్చిన చెయ్యిలా. తొమ్మిదిరోజులు అలా గడిచాయి.

పదో రోజు రంజిత హారన్ కొట్టినప్పుడు అతను చెయ్యి ఎత్తలేదు. రమ్మని పిలిచాడు.

"కూచో పాపా. ఒక గంట పని ఉండాదా?"

"పిల్లల బడి వదిలే దాకా లేదు. ఏమి మామా, ముఖం అట్ల పెట్టినావు?"

రెండు బల్బులూ వెలిగించాడు. ఏది ఏదో చెప్పాడు. ఆమె స్టూలు మీద కూర్చుని చూసింది. నలభైతొమ్మిదో నిమిషానికి కుడి బల్బు వెలుగు కుంగి, మీటరు మూడుకు పడింది. అతను తీగ తీశాడు. ఎడమది వెలుగుతూనే ఉంది. ఒక నిమిషం. రెండు. ఇంకో వెలుగు లేని చోట ఆ ఒక్కటీ వెలగడం వింతగా ఉంది. ఏడు నిమిషాలు అలా వెలిగింది.

"ఆ కుడిది నీ బండి," అన్నాడు అతను. "నేను తిప్పిందే. ఆ మేడం చెప్పింది నిజం. పది దినాల ముందరే తెలిసె నాకు. చెప్పడానికి నోరు రాలే."

రంజిత బల్బు వైపే చూస్తోంది. "అంటే దిష్టి ఎవరిదో అనుకోని మా అమ్మ మూడుసార్లు మిరపకాయలు తీసి పారేసె. దిష్టి నీదేనా మామా?"

"నాదే."

"మా అమ్మకు చెప్పొద్దు. మిరపకాయలు నీ మీద పోస్తాది." నవ్వబోయి ఆగిపోయింది. "పోయింది తిరిగి రాదా?"

"రాదు పాపా. కానీ స్క్రూ వెనక్కి తిప్పితే ఉండేది నిలుస్తాది. ఈ ఎడమది చూడు. అయితే ఇప్పటికిప్పుడు ఇంకో పది తగ్గుతాది. డెబ్బై కూడా రాదు."

"ఎనభై లేకుంటే నా దినం ఎట్ల గడుస్తాది?"

దానికి అతని దగ్గర జవాబు ఉంది. తొమ్మిది రోజులు అతను కూడబెట్టుకున్నది ఆ ఒక్క జవాబే. అది సెల్లుల దగ్గర దొరకలేదు, అన్నం కంచం దగ్గర దొరికింది.

"మీ అత్త తినేది చూసినావు కదా. నిండా తినదు, ఆకలితోనూ ఉండదు. ఇంత ఇంత, ఐదుసార్లు. నువ్వు మధ్యాహ్నం ఇంటికి పోయి పండుకునే గంటన్నర బండిని ఈడ పెట్టు. తొమ్మిది గీతలకు మించి ఎక్కించను. రెండు గీతలకు దిగక ముందే తీసుకురా. ఇరవై కిలోమీటర్లు ఆ గంటన్నరలో వస్తాది. నీ ఎనభై ఐపోతాది."

ఆమె లేచి బండి వెనక నుంచి ఛార్జర్ పెట్టె తెచ్చి అతని ముందు పెట్టింది. "తిప్పు మళ్ళ. చూస్తా ఉంటా."

అతను కళ్ళజోడు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, పావు చుట్టు వెనక్కి తిప్పాడు. ఆ చిన్న స్క్రూ అంత బరువుగా తిరగడం అతను ఎప్పుడూ చూడలేదు.

*

మరునాడు సుద్దగీతల తలుపుచెక్కను భుజాన వేసుకుని ఆటోస్టాండుకు వెళ్ళాడు. మెట్రో స్తంభాల నీడలో బళ్ళు వరసగా ఉన్నాయి. ఎనిమిదిమందిలో పాపయ్య పెద్దవాడు, నోరున్నవాడు.

"ఏమన్నా, తలుపు ఎత్తుకోని వచ్చినావు, ఇంటిని ఏడ వదిలేస్తివి?"

చిక్కమునియప్ప చెక్కను స్తంభానికి ఆనించి, మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా చెప్పాడు. తప్పు తనదన్నది ముందే చెప్పాడు, చివర్లో కాదు.

"అంటే దసరాకి వచ్చి పది కిలోమీటర్లు ఇస్తివి," అన్నాడు పాపయ్య. "ఇప్పుడు వానాకాలం వచ్చి ఎత్తుకోని పోతానంటావు."

"పది కాదప్పా. పన్నెండు పోయినా పోతాది."

"ఇంకా జాస్తి చెప్తాండాడు చూడు."

నవ్వారు. నవ్వు ఆగాక పాపయ్య చెక్క దగ్గరికి వచ్చి, వేలితో ఒక్కో గీత మీదుగా పోయాడు. కుడి వరస ఎడమ వరసను దాటి కిందికి దిగిన చోట వేలు ఆగింది. అక్కడ సుద్ద కాస్త వానకు తడిసి చెదిరి ఉంది.

"నాది ఎనభైకి వచ్చేసె," అన్నాడు మెల్లగా. "బండి పాతబడె అనుకుంటి." చెక్క మీంచి వేలు తీసి, "ఊరికే ఉంటే ఎవరికీ తెలిసేది కాదు కదన్నా. ఎందుకు చెప్తివి?"

"మీకు తెలిసేది కాదు," అన్నాడు చిక్కమునియప్ప. "మొదటి వాన పడిన దినం నుంచి నాకు నిద్ర లేదు."

ఏడుగురు ఆ వారంలోనే ఛార్జర్లు తెచ్చారు. ఓంకార్ అనే అతను మాత్రం తేలేదు. "నాకు ఈ పొద్దు కిలోమీటర్లు కావాల, వచ్చే ఏడువి కాదు," అని బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. చిక్కమునియప్ప అతన్ని తప్పుపట్టలేదు. ఆ మాట కూడా నిజమే, దాని వయసు దానికుంది.

ఆ తరవాత మధ్యాహ్నాలు కొట్టు ముందు రంగు మారింది. ఒంటిగంట దాటితే బళ్ళు చప్పుడు లేకుండా వచ్చి చెరువుగట్టున నీళ్ళు తాగే పశువుల్లా వరసగా నిలబడతాయి. డ్రైవర్లు టార్పాలిన్ కింద క్యారియర్లు విప్పుతారు. తొమ్మిదో గీత వెలగగానే చిక్కమునియప్ప ఎవరినీ అడగకుండా తీగలు లాగేస్తాడు. ఒకరోజు సౌమ్య వచ్చి తలుపుచెక్కను ఫోటో తీసుకుంది. తమ ల్యాబ్‌లో లక్షల ఖరీదు మిషన్లు గీసే గీత కూడా ఇలాగే వంగుతుందని చెప్పింది.

"మీ మిషన్‌కు కాఫీ ఇస్తారా?" అని అడిగాడు.

"ఇవ్వరంకుల్."

"అదే కమ్మి, అదే తక్కువ దానికి. మాకు ఇస్తారు."

ఎడమ సెల్లును అతను ఇంకా ఆపలేదు. దానికి రోజూ మూడుసార్లు దీపం పెడుతూనే ఉన్నాడు.

*

ఈ ఏడు ఆయుధపూజకు ముందురోజు తొమ్మిది బళ్ళు కడిగి తెచ్చారు. తొమ్మిదోది ఓంకార్‌ది. అతను ప్లాస్టిక్ సంచిలో ఛార్జర్ పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి, బంతిపూలు గుచ్చుతున్నవాళ్ళ మధ్య కూర్చున్నాడు. చిక్కమునియప్ప కళ్ళజోడు పెట్టుకున్నాడు.

పూజ వేళకు సుబ్బలక్ష్మమ్మ కుంకుమ భరిణెతో వచ్చింది. సీసం బ్యాటరీలను ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చి, రంజిత బండి మీటరు దగ్గర ఆగింది. ఇన్నాళ్ళూ గీతలు లెక్కపెట్టడం ఆమె కూడా నేర్చుకుంది.

"ఇదేమయ్యా, ఆరే ఉండాయి. పండగనాడు నాలుగు గీతలు ఖాళీనా?"

"మూడు దినాలు కదలకుండా నిలబడే బండి అది. నిండా పెట్టి నిలబెడితే లోపల్లోపల ముసలిదైపోతాది. ఆరు సాలు. సీసంవి చూడు, అన్నీ పొంగతా ఉండాయి. వాటికి అట్ల, వీటికి ఇట్ల."

ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగింది. తరవాత లోపలికి వెళ్ళి, ఇత్తడి చెంబు అంచుదాకా నీళ్ళతో నింపి తెచ్చి, డ్రైవరు సీటు మీద జాగ్రత్తగా పెట్టింది. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

"నిండుది ఒకటి కంటికి కనపడితే సాలు," అంది. తొమ్మిది బళ్ళకూ తొమ్మిది చెంబులు కావలసి వచ్చింది. లేనిచోట స్టీలు గ్లాసులు, ఒకచోట పాపయ్య క్యారియర్ గిన్నె.

హారతి వెలుగు ఆ నీళ్ళలో ఊగింది. రంజిత మామ పక్కకు వచ్చి నిలబడి, పూజలో మాట్లాడకూడదని తెలిసి కూడా మెల్లగా చెప్పింది.

"మొన్న ఒక్క ఛార్జికి ఎంత వస్తాదో బండిని పూర్తిగా తిప్పి చూసినా మామా."

అతను హారతి నుంచి కళ్ళు తిప్పలేదు. "ఎంత?"

"అరవైఏడు."

"నువ్వు స్క్రూ వెనక్కి తిప్పించుకున్న వారం ఎంత?"

"అరవైఏడు."

నాలుగు నెలలు. ఒక్క కిలోమీటరు కూడా కదల్లేదు. చిక్కమునియప్ప చిల్లుల చొక్కా మీద, ఉతికిన తెల్ల తువాలు సర్దుకున్నాడు. సుబ్బలక్ష్మమ్మ హారతి పళ్ళెం ముందుకు చాపింది. కుడి భుజం కొంచెం నొప్పిగానే లేచింది. రెండు చేతులూ వెచ్చదనం మీదికి చాచి, కళ్ళకు అద్దుకున్నాడు.